ఏడుగురు తండ్రులు, ఒక ఖాళీ వరస

పోయిన వారం మనం కనిషాయ్‌ని గుమ్మం పక్కన, చేతిలో పాలచెంబుతో, మొహం కందగడ్డ చేసుకుని నిలబడి ఉండగా వదిలేశాం. లోపల ముసలి కదిరాలి ఒళ్ళో అక్మోర్ కూర్చుని ఉంది. "తాతా, మీ తాతకి తాత పేరేంటి?" అని గారాలు పోతోంది. ఆ ఒడి పదేళ్ళుగా కనిషాయ్‌ది. కదిరాలికి, సలీమాకి లేకలేక ముసలితనంలో పుట్టిన కడగొట్టు పిల్ల అది. అలాగనే ఆ పిల్లకి తెలుసు. అక్మోర్ ఏమో ఎర్మెక్ అన్నయ్య కూతురు. అన్నయ్య రష్యాలో కట్టడం పనులకి పోతూ, పెళ్ళాన్నీ పిల్లనీ పట్నం నుంచి ఊళ్ళో దింపిపోయి మూడు నెలలైంది. ఏడాది తేడాతో కనిషాయ్ మేనత్త, అక్మోర్ మేనకోడలు. ఇద్దరూ నాలుగో తరగతే, ఒకే బెంచీ.

అసలు గొడవంతా నిన్న ఉల్కన్ టీచరక్క ఇచ్చిన ఇంటిపని వల్ల వచ్చింది. ప్రతివాళ్ళూ తమ ఏడుగురు తండ్రుల పేర్లు రాసుకురావాలి: తండ్రి, తండ్రికి తండ్రి, ఆయనకి తండ్రి, అలా ఏడు తరాలు. మావైపు ఆ ఏడు పేర్లూ రానివాణ్ణి దారినపోయే దానయ్య అంటారు. బాగా చెప్పినవాళ్ళని నౌరూజ్ నాడు, అంటే వసంతంలో వచ్చే కొత్త ఏడాది పండగనాడు, ఊరందరి ముందూ అరుగెక్కించి చెప్పిస్తారు, పక్కన వాళ్ళింటి పెద్దాయన నిలబడతాడు. ఇంటికొక్కరే. కదిరాలి పక్కన నిలబడేది తానా, ఆ పట్నం పిల్లా? కనిషాయ్‌కి రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారి టీ దగ్గరే మొదలైంది. సలీమా అక్మోర్‌ని ముందు కూచోబెట్టుకుని జడలు వేస్తోంది. తెల్లటి రిబ్బన్లు, కుందేలు చెవులంత పువ్వులు. కనిషాయ్ తన జడ తానే వేసుకుంది, పాపిడి వంకరగా వచ్చింది.

"అమ్మా, నాకో?" అంది.

"నువ్వు పెద్దదానివి కదే. మేనత్తవి కూడానూ" అంది సలీమా నవ్వుతూ.

మేనత్త హోదా కావాలని మూడు నెలలుగా పోట్లాడింది తానే. ఇప్పుడు నోరు మూసుకోక తప్పలేదు. ఇంతలో అక్మోర్ తల్లి గుల్బారా వదిన రొట్టెముక్కకి మందంగా వెన్న రాసి, పైన జామ్ వేసి కనిషాయ్ ముందు పెట్టింది. అక్మోర్ ముక్కకి వెన్న పల్చగానే ఉంది. కనిషాయ్ ఆ సంగతి చూడలేదు. చూసినా ఒప్పుకునేది కాదు. పళ్ళెం పక్కకి తోసేసి, "నాకొద్దు వదినా, వెన్న తింటే నాకు దగ్గొస్తుంది" అని సంచీ భుజాన వేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల వెన్న వద్దన్నది అదే మొదటిసారి.

బడికి పోయే దారంతా కరిగిన మంచు, బురద. కనిషాయ్ పది అడుగులు ముందు నడిచింది.

"ఆగవే కనిషాయ్, నా బూటు ఇరుక్కుపోయింది!"

"అత్తా అను, ఆగుతా."

"అనను. నాకంటే బెత్తెడు పొడుగుంటే అత్తవైపోతావా?"

"అయితే బూటూ నువ్వూ అక్కడే ఉండండి. ఎండాకాలం వచ్చి తీస్తాలే."

మొదటి పాఠం లెక్కలు. కాపరి దగ్గర మూడు మందలు, మందకి నూట ఇరవై గొర్రెలు, కొండ మీంచి దించేటప్పుడు పద్దెనిమిది తప్పిపోయాయి, మిగిలినవెన్ని? కనిషాయ్‌కి గొర్రెలంటే చిన్నప్పట్నుంచీ తెలుసు. కానీ కళ్ళు లెక్క మీద లేవు, పక్క నోటుబుక్కు మీదున్నాయి. అక్మోర్ టకటకా రాసేసి చెయ్యెత్తింది. టీచరక్క దాని డైరీలో ఐదుకి ఐదు వేసింది. కనిషాయ్ ఒక్కో మందలోంచీ పద్దెనిమిది చొప్పున తీసేసి, ముప్పై ఆరు గొర్రెల్ని అన్యాయంగా పొట్టనపెట్టుకుని, మూడుతో సరిపెట్టుకుంది.

"గొర్రెని చూడకుండానే గొర్రెల లెక్క చెప్పింది పట్నం పిల్ల. నువ్వు మాత్రం మందని తోడేళ్ళకి అప్పజెప్పావ్" అన్నాడు వెనక బెంచీ ఉర్మత్.

రెండో పాఠంలో కాస్త ప్రాణం లేచొచ్చింది. చదవడం. పట్నంలో అక్మోర్ చదువుకున్నది రష్యన్ బళ్ళో. మన భాష చదవమంటే ఒక్కో ముక్కా రాయి మోసినట్టు మోస్తుంది. వసంతం మీద పాఠంలో మూడు చోట్ల ఆగింది, నాలుగోచోట పూర్తిగా నిలిచిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది కనిషాయే. వీలైతే ఇంకాసేపు నవ్వేది.

"కనిషాయ్! లే. నువ్వు చదువు" అంది ఉల్కన్ టీచరక్క.

లేచి గడగడా చదివింది. ఐదు పడింది. కూర్చుంటూ మోచేత్తో అక్మోర్ పెన్సిలు డబ్బాని కిందికి నెట్టింది. పెన్సిళ్ళన్నీ బెంచీల కిందకి దొర్లాయి. అక్మోర్ ఏమీ అనకుండా వంగి ఏరుకుంది, రిబ్బను పువ్వుకి నేలమీది సుద్దపొడి అంటింది. ఎందుకో ఆ మౌనం చూస్తే కనిషాయ్‌కి ఒళ్ళింకా మండింది. తిరిగి తిడితే బాగుండేది.

మూడో పాఠం అదే.

ఒక్కొక్కరే లేచి నల్లబల్ల దగ్గర నిలబడి తమ ఏడుగుర్నీ చెబుతున్నారు. ఉర్మత్ అయిదో తరం దగ్గర తడబడి తన గుర్రం పేరు కలిపేశాడు. తరగతంతా బల్లలు బాదింది. "గుర్రానికి మనవడివన్నమాట. అందుకే పాఠం చెబుతుంటే నించుని నిద్రపోతావు" అంది టీచరక్క.

తర్వాత అక్మోర్. మెల్లగా, తడుముకోకుండా చెప్పింది. "నా తండ్రి ఎర్మెక్. ఎర్మెక్ తండ్రి కదిరాలి. కదిరాలి తండ్రి సరిబాయ్. ఆయన తండ్రి చోకోయ్. చోకోయ్ తండ్రి తులెబెర్ది. ఆయన తండ్రి కుత్తుబాయ్. కుత్తుబాయ్ తండ్రి బోర్బు."

కనిషాయ్ లోపల్లోపల నవ్వుకుంది. బోర్బు దగ్గరే ఆగిపోయిందా పాపం! తను ఇంకో మెట్టు పైకి పోతుంది. నల్లబల్ల దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని, అచ్చం కదిరాలి చెప్పినట్టే గొంతు బరువు చేసి మొదలుపెట్టింది. నాలుగేళ్ళ వయసులో చుట్టాల ముందు బల్లమీద నిలబెట్టి ఆయనే నేర్పిన వరస అది.

"నా తండ్రి కదిరాలి. కదిరాలి తండ్రి సరిబాయ్..." ఎక్కడా తొట్రుపాటు లేదు. "...కుత్తుబాయ్ తండ్రి బోర్బు. బోర్బు తండ్రి ఎసెనామన్!"

ఎసెనామన్ అంటూ అక్మోర్ వైపు ఒక చూపు విసిరింది. చప్పట్లు పడతాయనుకుంది. ఒక్కటీ పడలేదు. వెనక ఉర్మత్ కిసుక్కుమన్నాడు. పక్కవాడు వాడి డొక్కలో పొడిచాడు. ఇద్దరు ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు.

ఉల్కన్ టీచరక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడకి యాభై దాటాయి, ఈ ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించింది. ఎర్మెక్‌కి కూడా.

"బాగా చెప్పావు, కూచో" అంది చివరికి. "నౌరూజ్ నాడు మీ ఇంటి తరఫున అక్మోర్ చెబుతుంది."

కనిషాయ్ కూర్చోలేదు. "ఎందుకు టీచరక్కా?"

"అది కొత్తగా వచ్చింది కదమ్మా. ఊరికి పరిచయమవుతుంది."

"ఏడుగురు తండ్రులు చెప్పేది పరిచయానికా? నేనేం తప్పు చెప్పాను? ఏ పేరు తప్పు?"

"ఏ పేరూ తప్పు కాదు."

"మరి నా పుస్తకంలో ఎంత వేస్తారు?"

టీచరక్క ఎర్రకలం తీసి, పుస్తకం ముందుకి లాక్కుని, వరసంతా మళ్ళీ వేలు పెట్టి చదివింది. తర్వాత నాలుగు వేసింది.

ఎవరికైనా కడుపు మండుతుంది. తప్పులేదంటూ నాలుగేమిటి? కనిషాయ్ గొంతు పైకి లేచింది. "తప్పు లేదంటారు, నాలుగు వేస్తారు! అది పట్నం పిల్లనేగా? మా ఇంట్లోనూ దాని మాటే, ఇక్కడా దాని మాటే. అది ముక్కు చీదినా ముత్యాలే! మా నాన్న పక్కన నిలబడాల్సింది నేను. కూతురికంటే మనవరాలు దగ్గరా?"

వెనకనించి మళ్ళీ కిసుక్కు. ఈసారి టీచరక్క సుద్దముక్క తిన్నగా ఉర్మత్ నుదుటికి తగిలింది.

"కనిషాయ్, వినమ్మా" అంది గొంతు తగ్గించి. "ఇంకే పాఠమైనా అయితే నీ ఏడుపు చూడలేక ఐదు వేసేసేదాన్ని. ఏడు తరాల మాట దగ్గర అలా వెయ్యకూడదు. రేపు నీకు పెళ్ళీడు వస్తుంది, ఏడు తరాల్లోపు వాళ్ళని చేసుకోకూడదు, ఎవరు అన్నో ఎవరు తమ్ముడో తెలియాలి." అంటూనే వరసలో మొదట ఉన్న కదిరాలి పేరుకి పైన, స్కేలు పెట్టి, ఒక ఎర్ర గీత గీసింది. "పైన ఒక వరస ఖాళీ పెట్టాను. ఇంటికెళ్ళి పెద్దాయన్నడిగి నింపుకురా. రేపటికి నీ ఇంటిపని అదొక్కటే."

గీసిన మరుక్షణం ఆవిడ ఆ గీతని వేలితో తుడవబోయింది. అప్పటికే సిరా ఆరిపోయింది.

విరామంలో పిల్లలంతా బయట గొర్రె కీలెముకలతో ఆడే గచ్చకాయలాటకి పోయారు. అక్మోర్ వరండాలో నీళ్ళ డ్రమ్ము దగ్గర రిబ్బను కడుక్కుంటోంది. కనిషాయ్ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఏం చెప్పావే టీచరక్కకి?"

"నేనేం చెప్పలేదు."

"నాకూ మా నాన్నకీ మధ్య ఎవడున్నాడే? కదిరాలి నా తండ్రి! నీకు తాత. నువ్వే ఒక మెట్టు కిందున్నావ్."

"సరే, కిందే ఉన్నాను. పో."

"నువ్వొచ్చావు, మా అమ్మ నా తల దువ్వడం మానేసింది. నువ్వొచ్చావు, మా నాన్న ఒళ్ళో చోటు పోయింది. ఇప్పుడు నౌరూజ్ కూడా నీకే. ఇంకేం కావాలే నీకు? మా అమ్మని పూర్తిగా పట్టుకుపోతావా?"

అక్మోర్ తడి రిబ్బనుని పిండుతూ పిండుతూ ఆగిపోయింది. మూడు నెలలుగా ఆ పిల్ల నోరు మెదపలేదు. తల్లి ఒట్టు వేయించుకుంది. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల ఒట్టుకి కూడా ఒక హద్దుంటుంది.

"మీ అమ్మని నేనా? నువ్వే మా అమ్మని లాక్కున్నావు!" అని అరిచింది. "నేను పుట్టకముందునుంచీ లాక్కున్నావు! పట్నంలో మా అమ్మ పెట్టెలో నీ చొక్కా ఉంది, ఇంతది. ప్రతి పుట్టినరోజుకీ బయటికి తీసి ఏడుస్తుంది, నా పుట్టినరోజుకి కాదు, నీ పుట్టినరోజుకి! ఇక్కడికొచ్చాక వెన్న ఎవరికి ముందు రాస్తుంది? నీకు! నువ్వు తోసేస్తావు, తను వెనక్కెళ్ళి మొహం కడుక్కుంటుంది. నాకు కత్తికి మిగిలింది రాస్తుంది. నేనెప్పుడైనా ఏమైనా అన్నానా?"

"వదిన నాకెందుకు..."

"వదినంట వదిన! నిన్ను కన్నది ఆవిడే. నీ తండ్రి ఎర్మెక్. నువ్వు నాకు అత్తవి కావు, అక్కవి. ఊళ్ళో గొర్రెలకి కూడా తెలుసు, నీకొక్కదానికే తెలీదు!"

చెప్పేసి, తాను చేసిన పనికి తానే భయపడి, నోటికి తడి రిబ్బను అడ్డం పెట్టుకుని పారిపోయింది.

తొలిచూలు బిడ్డ తాతా నానమ్మలది అన్నది మావైపు పాతమాట. కొత్తకోడలు పురిటి మంచం దిగకముందే బిడ్డని అత్తగారి చేతిలో పెడుతుంది. బిడ్డ తాతని నాన్నా అంటుంది, కన్నతండ్రిని అన్నయ్యా అంటుంది. ఎవరికీ వింతగా ఉండదు. కొందరు పిల్లలకి ముందే చెబుతారు, కొందరు ఇదిగో అదిగో అంటూ వాయిదా వేస్తారు. కదిరాలి వాయిదాల మనిషి.

నాలుగో పాఠం బొమ్మలు గీయడం. కనిషాయ్ ఏం గీసిందో తనకే తెలీదు. ఆ పిల్ల మనసులో ముందుగా కలిగింది దుఃఖం కాదు. అసూయే, ఇంకా చిక్కగా, ఇంకా చేదుగా. ఇద్దరు పుడితే ఒకదాన్ని ఇచ్చేసి ఒకదాన్ని ఉంచుకున్నారు. ఇచ్చేసింది తనని. ఉంచుకున్నది అక్మోర్‌ని. పట్నంలో పుట్టినరోజులు, రష్యన్ బడి, రిబ్బన్లు, ఎర్మెక్ భుజాలమీద షికార్లు, అన్నీ తనవి కావాల్సినవి దానికి పోయాయి. మళ్ళీ అది ఇక్కడికొచ్చి ఒళ్ళో చోటు కూడా తీసుకుంది. రెండు చేతుల్లో రెండు రొట్టెలున్నవాడు మూడోదానికి నోరు తెరిచినట్టు!

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. బల్లమీద టీ, వేయించిన పిండిముక్కలు, ఉప్పుపెరుగు ఉండలు. కదిరాలి కళ్ళజోడు పెట్టుకుని రేడియో బాగుచేస్తున్నాడు. కనిషాయ్ కోటు కూడా విప్పకుండా పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

"నాన్నా, ఇంటిపని. పైన ఒక పేరు తక్కువైందట. టీచరక్క మిమ్మల్నడగమంది. ఏం పేరు రాయను?"

ముసలాయన ఎర్ర గీతని చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకుని చూశాడు. గీత అక్కడే ఉంది.

"ఆ ఉల్కన్‌కి పెద్దతనంలో మతి పోయింది" అన్నాడు. "ఏడు చాలు. ఎనిమిది దేనికి? పెన్ను ఇలా తే, ఆ గీత కొట్టేస్తా."

"కొట్టేస్తే నాలుగే ఉంటుంది. నాకు ఐదు కావాలి."

"కనిషాయ్..."

"ఎర్మెక్ అని రాయనా?"

సలీమా కెటిల్‌లోంచి పోస్తున్న టీ కప్పు నిండి బల్లమీదికి పారింది. ముసలాయన నోరు తెరిచాడు. తులెబెర్ది, కుత్తుబాయ్, బోర్బులని నిద్రలో లేపినా చెప్పే మనిషికి సొంత కొడుకు పేరు దగ్గర మాట రాలేదు. ఆ పేరు పైన రాస్తే తను రెండో వరసలోకి దిగాలి. అంటే తాతైపోవాలి. పదేళ్ళ నుంచీ ఆయన తప్పించుకుంటున్నది అదే.

"రాయమనండి మామయ్యా."

గుల్బారా గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి ఇంకా పిండి ఉంది. కదిరాలి ముందు ఎప్పుడూ గొంతెత్తని కోడలు. ఇప్పుడూ ఎత్తలేదు, కానీ తల కూడా దించలేదు.

"నాలుగో తరగతి అయ్యేదాకే మీ దగ్గర ఉంటుందన్నారు. బిడ్డని మీ చేతిలో పెట్టిన రోజున అన్నారు. అయిపోవస్తోంది. ఆయన రష్యాలో గది చూశాడు. జూన్‌లో వచ్చి పిల్లలిద్దర్నీ నన్నూ తీసుకెళ్తానన్నాడు."

"తీసుకెళ్ళడానికి అది గొర్రెపిల్లా!" సలీమా కెటిల్ దించేసింది. "పాలపీకతో పెంచింది నేను. దగ్గొస్తే వెచ్చటి పొట్టమీద పడుకోబెట్టుకున్నది నేను."

"మీరు పెంచలేదనడం లేదు అత్తయ్యా. నేను కన్నానంటున్నాను, అంతే."

"చాలు!" కదిరాలి బల్లమీద చరిచాడు. రేడియో మరలు ఎగిరిపడ్డాయి. ఆయన కనిషాయ్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. జవాబు తెలిసినవాడి ధీమా ఉంది ఆయన మొహంలో. "మాటిచ్చాను, నిజమే. కానీ మనిషిని మాట మీద పంపిస్తామా? దాన్నే అడుగుదాం. చెప్పు తల్లీ. ఎవరి కోసమూ చెప్పకు, నీ మనసులో ఉన్నదే చెప్పు. ఈ ముసలాడి దగ్గర ఉంటావా, వాళ్ళతో పోతావా?"

కనిషాయ్ నాలుక మీద జవాబు సిద్ధంగానే ఉంది. ఇక్కడే. ఇంకెక్కడ? ఈ ఒడి, ఈ పొయ్యి, ఈ ఉప్పుపెరుగు ఉండలు, పొద్దున ఎవరు దువ్వినా దువ్వకపోయినా ఈ అమ్మ. ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ ఆ జవాబు తెలుసు. గుల్బారాకి కూడా. అందుకే ఆవిడ పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంటోంది.

అప్పుడు కనిషాయ్‌కి అక్మోర్ కనబడింది. తల్లి వెనక, గుమ్మం చాటున నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని, తల అడ్డంగా ఊపుతోంది. వద్దను. రాననవే. మా అమ్మని నాకు వదిలెయ్యవే. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్ళనిండా ఒకటే వేడుకోలు.

నాలుక మీది జవాబు ఉన్నచోటే తిరగబడింది.

"వాళ్ళతో పోతాను" అంది కనిషాయ్.

కదిరాలి సరిగ్గా వినబడనట్టు చెవి ముందుకు వంచాడు. "ఏమన్నావ్?"

కనిషాయ్ తన చేతులు ఆయన చేతుల్లోంచి లాక్కుంది. ఆయన వైపు చూడలేదు. గుమ్మం చాటున ఉన్న ఆ తడి రిబ్బను పిల్లనే కళ్ళార్పకుండా చూస్తూ, ఇన్నాళ్ళూ వదినా అన్న గుల్బారాతో, ఈసారి ఇల్లంతా వినబడేలా అంది:

"జూన్ దాకా దేనికి? రేపే పోదాం అమ్మా."